నలుగురే వచ్చినా నడిచే పుస్తకాల క్లబ్బు

ఆన్‌లైన్ పుస్తకాల క్లబ్బుల్లో చాలావాటి జాతకం ఒకేలా ఉంటుంది. చదవడమంటే ఇష్టమున్న ఒకరిద్దరు వాట్సాప్‌లో గ్రూపు పెడతారు. స్నేహితులు, వాళ్ల స్నేహితులు చేరి వారం తిరక్కుండానే నలభైమంది అవుతారు. మొదటి నెల పుస్తకం గురించి పదిమంది మాట్లాడతారు. మూడో నెలకు ముగ్గురు మిగులుతారు. ఆరో నెల వచ్చేసరికి పండగ శుభాకాంక్షలు, ఎవరూ తెరవని పీడీఎఫ్‌లు, ఫలానా రచయిత వర్ధంతి అంటూ ఒక ఫొటో తప్ప అందులో ఇంకేమీ కనపడవు. గ్రూపు పెట్టినవాళ్లు నిట్టూర్చి, "జనానికి చదివే అలవాటే పోయింది" అని తేల్చేస్తారు.

ఆ తీర్పు తొందరపాటు. చదివే ఆశే లేనివాళ్లు పుస్తకాల గ్రూపులో చేరరు కదా! చేరినవాళ్లలో ఒకరికి పుస్తకం దొరకలేదు. ఇంకొకరికి దొరికింది కానీ పూర్తి కాలేదు. మరొకరు పూర్తి చేశారు కానీ ఏం మాట్లాడాలో తోచలేదు. తోచినవాళ్లకు అంతమంది ముందు నోరు విప్పడానికి మొహమాటం. ఇవన్నీ వేరువేరు ఇబ్బందులు, వేటి విరుగుడు వాటిదే. అయితే విరుగుళ్ల జోలికి వెళ్లేముందు ఒక సంగతి తేల్చుకోవాలి. చిన్న క్లబ్బును బతికించేది సభ్యుల సంఖ్య కాదు, తప్పని ఆనవాయితీ. అనుకున్న రోజున, అనుకున్న వేళకు, వచ్చిన నలుగురితోనే పుస్తకం మీద మాటలు సాగితే ఆ క్లబ్బు బాగున్నట్టే. నలభైమంది కోసం వేసిన ప్రణాళికను నలుగురితో నడపబోవడం వల్లనే చాలా క్లబ్బులు చతికిలబడుతున్నాయి.

మాట్లాడనివాళ్ల లెక్క

నలభైమందిలో ముగ్గురే మాట్లాడుతుంటే నిర్వాహకుల మనసు చివుక్కుమనడం సహజం. కానీ ఇది తెలుగువాళ్ల బద్ధకమూ కాదు, ఈ తరానికి పట్టిన తెగులూ కాదు. వెబ్‌సైట్లను జనం ఎలా వాడతారో పరిశీలించే జేకబ్ నీల్సన్ 2006లో ఒక ఉజ్జాయింపు సూత్రం చెప్పారు. ఆన్‌లైన్ బృందాల్లో సుమారు 90 శాతం మంది చదివి ఊరుకుంటారు, 9 శాతం మంది అప్పుడప్పుడు ఒక మాట అంటారు, మిగిలిన 1 శాతం మందే ఎక్కువ భాగం రాస్తారు. ఈ లెక్కన నలభైమంది గ్రూపులో ముప్పైఆరుగురు మౌనంగానే ఉంటారు. పెద్ద పెద్ద వేదికలను చూసి చెప్పిన సూత్రమిది. ముఖపరిచయాలున్న చిన్న బృందం దీనికంటే మెరుగ్గానే నడవగలదు. అయినా ముగ్గురే మాట్లాడారని దిగాలు పడేముందు ఈ అంకెలు ఒకసారి గుర్తు చేసుకోవడం మంచిది.

ఇంతకీ మౌనంగా ఉన్నవాళ్లు ఎందుకలా ఉంటారు? బ్లెయిర్ నానెకీ, జెన్నీ ప్రీస్ అనే ఇద్దరు పరిశోధకులు ఈమెయిల్ చర్చా బృందాలను లెక్కగట్టి 2000లో ఫలితాలు ప్రకటించారు. జబ్బులతో బాధపడుతూ ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే బృందాల్లో సుమారు 46 శాతం మంది ఏమీ రాయలేదు. సాఫ్ట్‌వేర్ సందేహాలు తీర్చుకునే బృందాల్లో అలాంటివాళ్లు 82 శాతం. తమ బతుకుతో ముడిపడిన విషయం దగ్గర మౌనం అంతగా తగ్గిందన్నమాట. 2004లో ఇంకొకరితో కలిసి వాళ్లే ప్రకటించిన సర్వేలో కారణాలు అడిగితే, సగానికి పైగా మంది చదువుకుంటే చాలనిపించిందన్నారు. బృందం తీరు ఇంకా అర్థం కాలేదని, బిడియమని, చెప్పడానికి తమ దగ్గరేమీ లేదని అన్నవాళ్లు ఆ తర్వాతి వరసలో వచ్చారు.

దీన్నిబట్టి చూస్తే మాట్లాడని మనిషి క్లబ్బుకు దూరమైన మనిషని అనుకోనక్కర్లేదు. మన ఊళ్లలో పురాణ కాలక్షేపం జరిగేటప్పుడు చదివేది ఒకరు, అర్థం చెప్పేది ఒకరు, అరుగుల మీద కూర్చుని వినేది వీధంతా. వినేవాళ్లను సోమరులని ఎవరూ అనలేదు. ఆన్‌లైన్ క్లబ్బులోనూ వినేవాళ్లకు అలాంటి గౌరవమైన చోటు ఉండాలి. "మాట్లాడనివాళ్లను గ్రూపులోంచి తీసేస్తాం" అనే బెదిరింపు వల్ల మాటలు పెరగవు, మనుషులు తగ్గుతారు.

కాబట్టి నిర్వాహకులు లెక్కపెట్టాల్సింది ఎవరు మాట్లాడారన్నది కాదు, ఎవరు పుస్తకం తెరిచారన్నది. నెల మధ్యలో వాట్సాప్‌లో ఒక పోల్ పెట్టండి: ‘మొదలుపెట్టాను’, ‘సగంలో ఉన్నాను’, ‘పూర్తయింది’, ‘ఈ నెల కుదరదు’. వేలితో ఒక్కసారి తాకితే చాలు కనక బిడియస్థులు కూడా జవాబిస్తారు. ఎవరు దేనికి ఓటేశారో అందరికీ కనపడుతుంది కాబట్టి, ‘ఈ నెల కుదరదు’ అనడం తప్పేమీ కాదని ముందే చెప్పాలి. నిర్వాహకులే ఒక నెల ఆ జవాబు ఎంచుకుంటే ఇంకా మంచిది. పన్నెండుమంది తెరిచి ముగ్గురు మాట్లాడిన క్లబ్బుకు మాట్లాడే వీలు కల్పించాలి. ఇద్దరే తెరిచిన క్లబ్బుకు పుస్తకం మార్చాలి.

అందరినీ అడిగితే ఎవరూ పలకరు

గ్రూపులో ఎక్కువగా కనిపించే సందేశం ఇది: "అందరూ మీ మీ అభిప్రాయాలు పంచుకోగలరు." దానికి రెండు నమస్కారాలు, ఒక బొటనవేలి గుర్తు వస్తాయి. ఆ తర్వాత నిశ్శబ్దం.

దీని వెనక ఉన్న సంగతిని ఒక ఫ్రెంచి వ్యవసాయ ఇంజినీరు వందేళ్ల క్రితమే కొలిచారు. ఆయన పేరు మాక్స్ రింగెల్మన్. మనుషుల చేత విడివిడిగానూ గుంపులుగానూ తాడు లాగించి, ఒక్కొక్కరూ ఎంత బలం పెట్టారో చూశారు. 1913లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం గుంపు పెరిగేకొద్దీ ఒక్కొక్కరి వాటా తగ్గుతూ వచ్చింది. ఎనిమిదిమంది కలిసి లాగినప్పుడు ఒక్కో మనిషి పెట్టిన బలం, తానొక్కడే లాగినప్పటి బలంలో దాదాపు సగమే. అందరూ ఒకే క్షణంలో లాగలేకపోవడం కొంత కారణమైతే, పక్కవాడు లాగుతున్నాడులే అన్న ధీమా మరికొంత అని తర్వాతి మనస్తత్వ శాస్త్రవేత్తలు తేల్చారు. నలభైమందిని ఉద్దేశించి వేసిన ప్రశ్నకూ ఇదే గతి పడుతుంది. ఎవరో ఒకరు చెబుతారులే అని నలభైమందీ అనుకుంటారు.

దీనికి మందు చాలా పాతది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1727లో ఫిలడెల్ఫియాలో ‘జుంటో’ అనే చర్చా బృందం పెట్టారు. శుక్రవారం సాయంత్రాలు కలుసుకునేవాళ్లు. ప్రతి సభ్యుడూ తన వంతు వచ్చినప్పుడు చర్చకు ఒకటో రెండో ప్రశ్నలు తేవాలి. మూడు నెలలకోసారి తాను రాసిన వ్యాసం చదవాలి. "నేను చెప్పిందే నిజం" అన్న ధోరణిలో మాట్లాడితే చిన్న జరిమానా. సభ్యులు పన్నెండుమందికి మించకూడదు. ఇంకా చేరతామని కొందరు వస్తే, బృందాన్ని పెంచకుండా, సభ్యులే విడిగా మరో బృందం పెట్టుకోవచ్చన్నారు. ఆ బృందం దాదాపు నలభయ్యేళ్లు నడిచింది. అందులోని చదువరులు పుస్తకాలను ఒకచోట చేర్చి చూసిన ప్రయత్నం నుంచే 1731లో లైబ్రరీ కంపెనీ ఆఫ్ ఫిలడెల్ఫియా అనే చందాదారుల గ్రంథాలయం పుట్టింది.

ఇందులో మనం తీసుకోవాల్సింది వంతుల పద్ధతి. ప్రతి నెలా ఇద్దరి పేర్లు ముందే ఖాయం చేసుకోవాలి. ఒకరు చర్చ మొదలుపెడతారు, ఇంకొకరు తమకు నచ్చిన ఒక పేరా పైకి చదివి వినిపిస్తారు. రెండో పనికి పుస్తకమంతా చదవాల్సిన అవసరం లేదు, పెద్దగా ఆలోచనలు చెప్పాల్సిన పనీ లేదు. అందుకే కొత్తవాళ్లకు, బిడియస్థులకు అది బాగా కుదురుతుంది. పేరు చెప్పి అడిగేటప్పుడు గ్రూపులో అందరి ముందూ అడగకుండా విడిగా ఫోన్ చేసి అడగాలి. "మీరు టీచరుగా పనిచేశారు కదండీ, ఈ నవల్లో బడి భాగం గురించి రెండు నిమిషాలు చెబుతారా?" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. "మీరేమీ మాట్లాడటం లేదేంటి?" అని అడిగితే ఉన్న మాట కూడా పోతుంది.

ఇంకొక విషయం. మనుషులు ఎవరి చెప్పుచేతల్లోనూ లేకుండా ముచ్చట్లాడుకునేటప్పుడు ఒక సంభాషణలో సాధారణంగా నలుగురికి మించి ఇమడరని పరిశోధకుడు రాబిన్ డన్‌బార్, ఆయన సహచరులు 1995లో చూపించారు. అయిదో మనిషి వచ్చేసరికి ఎవరో ఒకరు వినేవాళ్లుగా మారిపోతారు, లేదా గుంపు రెండుగా చీలుతుంది. అందుకే జూమ్‌లో నలుగురే కనపడితే చిన్నబుచ్చుకోనక్కర్లేదు. ఆ నలుగురూ నిజంగా మాట్లాడుకోగలరు. పదిమంది వచ్చిన రోజున కాసేపు రెండు గదులుగా విడిపోయి మళ్లీ కలిస్తే, పెద్ద గుంపులో నోరు మెదపనివాళ్లు కూడా నాలుగు మాటలంటారు.

పుస్తకం చేతికి అందాలి

తెలుగు క్లబ్బులకు మిగతావాళ్లకు లేని బాధ ఒకటుంది. పుస్తకం ప్రకటిస్తారు, అది మార్కెట్లో ఉండదు. ఒక ముద్రణ అయిపోతే మరో ముద్రణ ఎప్పుడొస్తుందో తెలియదు. విజయవాడలో దొరికింది వరంగల్‌లో దొరకదు. అమెరికాకు తెప్పించుకోవాలంటే పుస్తకం ధర కంటే పోస్టేజీ ఎక్కువ. కాబట్టి పుస్తకం ఎంచుకునే ముందు వేసుకోవాల్సిన మొదటి ప్రశ్న: ఇది అందరికీ ఎలా అందుతుంది?

సులువైన దారి, కాపీరైట్ గడువు తీరిన పుస్తకాలు. భారతదేశ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లపాటు హక్కులుంటాయి. గురజాడ 1915లో, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో, త్రిపురనేని గోపీచంద్ 1962లో మరణించారు. అంటే శ్రీపాద రచనలు 2022 నుంచి, గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ 2023 నుంచి ఇక్కడ అందరివీ అయ్యాయి. బుచ్చిబాబు 1967లో పోయారు కనక ‘చివరకు మిగిలేది’ 2027 చివరిదాకా, చలం 1979లో పోయారు కనక ‘మైదానం’ 2039 చివరిదాకా హక్కుల కిందే ఉంటాయి. విదేశాల్లో చట్టాలు వేరు కాబట్టి అక్కడి సభ్యులు అక్కడి లెక్క చూసుకోవాలి. గడువు తీరిన తెలుగు రచనలు కొన్ని తెలుగు వికీసోర్స్‌లో చదువుకోవడానికి వీలుగా ఉన్నాయి. బతికున్న రచయిత పుస్తకాన్ని పీడీఎఫ్ చేసి గ్రూపులో పంచడం మాత్రం, ఎంత చిన్న గ్రూపయినా, ఆ రచయిత నోటికాడ కూడు లాగడమే. అయిదుగురు కలిసి ఒకేసారి ఆర్డరిస్తే పుస్తకాల షాపువాళ్లు పోస్టేజీ దగ్గర సర్దుబాటు చేయవచ్చు, అడిగి చూడాలి.

రెండో ప్రశ్న పొడవు. ఉద్యోగం, పిల్లలు, ఇంటిపనుల మధ్య రోజుకు పది పేజీలు చదివే మనిషిని ఊహించుకోండి. నాలుగు రోజులకో రోజు తప్పిపోతుంది. పుస్తకం చేతికి రావడానికే వారం పడుతుంది. ఇక నెలలో మిగిలేది 150 నుంచి 200 పేజీల చదువే. వందల పేజీలు సాగే ‘మాలపల్లి’నో ‘వేయిపడగలు’నో ఒక నెలలో చదవమనడం ఓడిపోయే పందెం కట్టడమే. వాటిని చదవాలనుంటే మూడు నాలుగు నెలలకు పంచి, ప్రతి నెలా ఎక్కడిదాకా చదవాలో చెప్పాలి. అలా చెప్పేటప్పుడు పేజీ సంఖ్య కాకుండా అధ్యాయం సంఖ్య చెప్పాలి. పాత నవలలకు ఒకటికి నాలుగు ముద్రణలుంటాయి. ఒకరి 112వ పేజీ ఇంకొకరికి 140వ పేజీ అవుతుంది.

హాజరు బాగా పడిపోయిన క్లబ్బుకు నవల కంటే కథ మేలు. ఒక కథ ఒక్క పూటలో అయిపోతుంది, కాబట్టి "పూర్తి చేయలేదు, అందుకే రాలేదు" అనే సాకు ఉండదు. కాళీపట్నం రామారావు శ్రీకాకుళంలో 1997లో స్థాపించిన కథానిలయం తెలుగు కథలను సేకరించి, వాటి వివరాలను ఇంటర్నెట్‌లో కూడా అందుబాటులో ఉంచింది. ఏ కథ ఎక్కడ అచ్చయిందో వెతుక్కోవడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఎంపిక ఎవరు చేయాలన్నది మూడో ప్రశ్న. ఓటింగు పెడితే న్యాయంగా కనపడుతుంది కానీ, ఓటేసినవాళ్లందరూ చదవరు. గెలిచిన పుస్తకానికి బాధ్యుడంటూ ఎవరూ ఉండరు. దాని బదులు ఒక్కో నెల ఒక్కొక్కరు తమకిష్టమైన పుస్తకం చెప్పి, చర్చకు తామే ముందుండాలని పెట్టుకుంటే, కనీసం ఒక మనిషైనా ఆ పుస్తకం మీద ప్రేమతో వస్తారు. నలుగురి చర్చ నడవడానికి ఆ ఒక్క మనిషి చాలు.

వేళ కుదరాలి, గడువు ఉండాలి

హైదరాబాదు, లండన్, డాలస్, సిడ్నీల్లో సభ్యులున్న క్లబ్బుకు అందరికీ నచ్చే వేళ లేదు. మనకు శనివారం రాత్రి 8 గంటలంటే వేసవిలో లండన్‌లో మధ్యాహ్నం 3:30, డాలస్‌లో ఉదయం 9:30. సిడ్నీలో మాత్రం అర్ధరాత్రి దాటిపోతుంది. ఆదివారం ఉదయం 7 గంటలకు పెడితే డాలస్‌కు శనివారం రాత్రి, సిడ్నీకి ఆదివారం మధ్యాహ్నానికి కాస్త ముందూవెనకా కుదురుతుంది కానీ లండన్‌లో తెల్లవారుజాము రెండున్నరో, ఒంటిగంటన్నరో అవుతుంది. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం గడియారాలు మారతాయి. బ్రిటన్‌లో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారం మారతాయి. ఈ రెండు మార్పుల నడుమ వచ్చే వారాల్లోనే సభ్యులు తప్పిపోతుంటారు. భారత కాలమానం ఏడాదంతా మారదు కాబట్టి వేళ ఎప్పుడూ దాని ప్రకారమే ప్రకటించి, ఆ నెలల్లో మిగతా ఊళ్ల వేళలు విడిగా గుర్తు చేయాలి.

వేళకంటే ముఖ్యం, అది మారకపోవడం. "ఈ నెల ఎవరికి ఏ రోజు వీలు?" అని ప్రతిసారీ అడిగే క్లబ్బు ఆ అడగడంలోనే అలిసిపోతుంది. నెలలో రెండో శనివారమంటే రెండో శనివారమే. ఇద్దరు వచ్చినా కూర్చోవాలి. ఎక్కువమంది రాలేదని వాయిదా వేస్తే, వచ్చిన ఇద్దరికి వాళ్ల రాక లెక్కలోది కాదని చెప్పినట్టవుతుంది; వచ్చే నెల వాళ్లూ రారు. 1998లో మొదలైన డెట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్బు, డాలస్ ప్రాంతంలో ఉత్తర టెక్సాస్ తెలుగు సంఘం జరిపే ‘నెలనెలా తెలుగువెన్నెల’ వంటివి ఏళ్ల తరబడి నిలబడ్డాయంటే ఆ నెలవారీ లయ పాత్ర చిన్నది కాదు.

ఇక నిడివి. జూమ్ ఉచితంగా వాడితే 40 నిమిషాలకు, గూగుల్ మీట్‌లో ముగ్గురూ అంతకుమించీ ఉంటే 60 నిమిషాలకు సమావేశం ఆగిపోతుంది. దీన్ని ఇబ్బందిగా కాకుండా హద్దుగా వాడుకోవచ్చు. మొదటి అయిదు నిమిషాలు కుశలప్రశ్నలు, తర్వాత అయిదు నిమిషాలు పేరా చదవడం, పది నిమిషాలు మొదటి వక్త, పదిహేను నిమిషాలు అందరి మాటలు, చివరి అయిదు నిమిషాలు వచ్చే నెల సంగతి. ముప్పావుగంటలో అయిపోతుందని నమ్మకముంటే ఇంటిపని మధ్యలోనూ వస్తారు. రెండు గంటలు సాగుతుందన్న భయముంటే రాకుండా ఉండటానికి కారణం వెతుక్కుంటారు.

ప్రశ్న ఎలా వేయాలి

"పుస్తకం ఎలా ఉంది?" అని అడిగితే "బాగుంది" అనే జవాబే వస్తుంది. ఆ తర్వాత దారి మూసుకుపోతుంది. మంచి ప్రశ్నకు రెండు గుణాలుండాలి. ఒకటి, దానికి ఇద్దరు రెండు రకాలుగా జవాబు చెప్పగలగాలి. రెండు, జవాబు కోసం మళ్లీ పుస్తకంలోకి చూడాల్సి రావాలి.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథే తీసుకోండి. అందులో అప్పలరాముడు తీర్చాల్సిన అప్పు మీద ఊరి పెద్దలు పంచాయితీ చేస్తారు. "ఈ కథలో మీకు నచ్చిన పాత్ర ఏది?" అని అడిగితే చర్చ రెండు నిమిషాల్లో చల్లారుతుంది. "శ్రీరాములునాయుడు ధర్మంగానే తీర్పు చెప్పాడా?" అని అడగండి. ఒకరు ఆయన మంచితనం చూపిస్తారు, ఇంకొకరు ఆ మంచితనం ఎవరి పక్షాన పనిచేసిందో చూపిస్తారు. కథ చివర సీతారాముడు చేసిన పని మీద తెలుగు సాహిత్యంలో ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరిగాయి. నలుగురు కూర్చుని నలభై నిమిషాలు మాట్లాడుకోవడానికి కొదవుండదు. అలాగే ‘అసమర్థుని జీవయాత్ర’లో సీతారామారావును పాడుచేసింది వంశ గౌరవమా, అతని ఆలోచనలా? ‘మైదానం’లో రాజేశ్వరి తన కథను తానే చెబుతోంది కదా, ఆమె మాటను ఎక్కడిదాకా నమ్మవచ్చు? ఇలాంటివి ఒకటో రెండో ప్రశ్నలు సమావేశానికి మూడు రోజుల ముందే గ్రూపులో పెట్టాలి. అప్పటికప్పుడు తోచనివాళ్లకు ఆలోచించుకునే వ్యవధి దొరుకుతుంది.

పుస్తకం పూర్తి చేయనివాళ్లకు కూడా ప్రశ్న ఉండాలి: "ఎక్కడ ఆపేశారు? అక్కడెందుకు ఆగిపోయారు?" దీనికి వచ్చే జవాబులు తరచూ పూర్తి చేసినవాళ్ల పొగడ్తలకంటే పనికొస్తాయి. ఒక నవల్లో ముగ్గురు ఒకే అధ్యాయం దగ్గర ఆగిపోయారంటే ఆ అధ్యాయం గురించి మాట్లాడుకోవడానికి బోలెడుంది. చదవనివాళ్లూ రావచ్చని ఊరికే చెబితే సరిపోదు. వాళ్లకిలా ఒక పని ఇస్తేనే నమ్ముతారు.

చదివి రావడమే కష్టమైన క్లబ్బుకు ఇంకో ఉపాయం ఉంది. అక్కడే చదవడం. ‘కన్యాశుల్కం’లో ఒక రంగం తీసుకుని ఒకరు గిరీశం, ఒకరు మధురవాణి, ఒకరు రామప్పపంతులుగా జూమ్‌లో పైకి చదివితే ముందస్తు తయారీ అక్కర్లేదు. నవ్వులు వాటంతటవే వస్తాయి. తెలుగు మాట్లాడతారు కానీ లిపి చదవలేని ప్రవాస పిల్లలు కూడా విని ఆనందిస్తారు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన సైలెంట్ బుక్ క్లబ్ దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. ఎవరి పుస్తకం వాళ్లు తెచ్చుకుని, ఒకచోట కూర్చుని, గంటసేపు మౌనంగా చదువుకుంటారు, మాటలు ఇష్టమైతేనే. ఆన్‌లైన్‌లో కూడా కెమెరాలు పెట్టుకుని అరగంట చదివి, పది నిమిషాలు మాట్లాడుకోవచ్చు.

గ్రూపు శుభ్రంగా ఉంటే

పుస్తకాల గ్రూపును చంపేది మౌనం కంటే రొద. రోజుకు ముప్పై ఫార్వర్డులు వచ్చే గ్రూపును జనం మ్యూట్‌లో పెట్టేస్తారు. ఆ తర్వాత సమావేశం లింకు పెట్టినా చూడరు. అందుకని రెండు గ్రూపులుంటే మంచిది. ఒకటి ప్రకటనలకు, అందులో అడ్మిన్లు మాత్రమే రాసేలా అమర్చుకోవాలి. నెలకు నాలుగైదు సందేశాలకు మించకూడదు. రెండోది కబుర్లకు. ఈ నెల పుస్తకం పేరు, తేదీ, లింకు ఉన్న సందేశాన్ని వాట్సాప్‌లో 30 రోజులదాకా పైన పిన్ చేసి ఉంచవచ్చు. దాంతో "లింకు మళ్లీ పంపండి" అనే సందేశాలు చాలావరకు తగ్గుతాయి.

తెలుగులో టైపు చేయడం చాలామందికి ఇప్పటికీ శ్రమే. వాళ్లను రాయమంటే ఊరుకుంటారు. రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపమంటే పంపుతారు. రాత్రి షిఫ్టుల్లో ఉన్నవాళ్లు, వేళ కుదరని దేశాల్లో ఉన్నవాళ్లు ఇలా తమ మాట ముందే పంపితే, దాన్ని సమావేశంలో వినిపించవచ్చు. సమావేశం అయ్యాక ఎవరో ఒకరు ఎనిమిది పది వాక్యాల్లో ఏం మాట్లాడుకున్నారో రాసి ప్రకటనల గ్రూపులో పెట్టాలి. రానివాళ్లు దాన్ని చదువుతారు. "నేనుంటే ఇంకోలా చెప్పేదాన్ని" అని ఒకరికి అనిపించినా, ఆవిడ వచ్చే నెల రావడానికి అదే కారణమవుతుంది.

భారం ఒకరిదే కాకూడదు

చిన్న క్లబ్బులు ఆగిపోవడానికి తరచూ కారణం సభ్యుల నిరాసక్తి కాదు, నిర్వాహకుల అలసట. పుస్తకం ఎంచేది, లింకు పెట్టేది, గుర్తు చేసేది, చర్చ నడిపేది, ఎవరూ మాట్లాడకపోతే తానే మాట్లాడేది ఒకే మనిషి అయితే, ఆ మనిషికి జ్వరం వచ్చిన నెల క్లబ్బుకూ జ్వరం వస్తుంది. కనీసం ఇద్దరుండాలి. పనులను ముక్కలు చేసి పంచాలి: ఒకరు తేదీ, లింకు చూస్తారు, ఒకరు పుస్తకం దొరికే చోటు కనుక్కుంటారు, ఒకరు చివర్లో సారాంశం రాస్తారు. చిన్న పని చేతిలో ఉన్న మనిషి క్లబ్బుకు రావడం మానరు. మాట్లాడటానికి జంకేవాళ్లకు ఈ పనులే క్లబ్బులో కాలు మోపే దారి.

కొత్త సభ్యులను లింకు పంచి చేర్చడం కంటే, ఒక్కొక్కరినీ వెంటబెట్టుకుని తీసుకురావడం మేలు. ఏడాదికి ముగ్గురు కొత్తవాళ్లు వచ్చి నిలబడితే, వెళ్లిపోయేవాళ్ల చోటు భర్తీ అయినట్టే. ఉద్యోగం మారడం, పురుడు రావడం, ఇంట్లో పెద్దవాళ్లకు ఒంట్లో బాగాలేకపోవడం వంటి కారణాలతో ఏ క్లబ్బులోనైనా కొందరు విడిపోతుంటారు. వాళ్లకు తలుపు తెరిచే ఉందని చెప్పాలి, ఎందుకు రావడం లేదని నిలదీయకూడదు.

మారాల్సినప్పుడు, ఆగాల్సినప్పుడు

ఇన్ని చేసినా మూడు నెలలు వరసగా పుస్తకం తెరిచేవాళ్లే ఇద్దరికి మించకపోతే క్లబ్బు రూపం మార్చాలి. నవల నుంచి కథకు, నెల నుంచి రెండు నెలలకు, చర్చ నుంచి పైకి చదవడానికి. ఒకసారి ఒక్క మార్పే చేసి మూడు నెలలు చూస్తే, ఏది పనిచేసిందో తెలుస్తుంది. అన్నీ ఒక్కసారే మారిస్తే ఏదీ తెలియదు.

కొన్ని నెలలు విరామం తీసుకోవడంలోనూ నామోషీ లేదు. పరీక్షల కాలంలోనో, పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడో రెండు నెలలు సెలవని ముందే ప్రకటించి, మళ్లీ కలిసే తేదీ చెబితే అది విరామం. ఏమీ చెప్పకుండా ఆపేస్తే అది అంతం. నిజంగానే ముగించాలని తేలితే, చివరగా ఒకసారి కూర్చుని ఇన్నాళ్లూ చదివిన పుస్తకాల జాబితా అందరికీ పంపి ముగించవచ్చు. అలా ముగిసిన క్లబ్బులోంచి ఇద్దరు ముగ్గురు మరోచోట మరో క్లబ్బు పెట్టుకునే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

కొనసాగించాలనుకునేవాళ్లు గీటురాయిగా పెట్టుకోదగ్గవి మూడే మూడు: వచ్చే నెల పుస్తకం ఏది, తేదీ ఎప్పుడు, మొదట మాట్లాడేది ఎవరు. ఎంతమంది వచ్చారన్నదానితో పనిలేకుండా, ఈ మూడింటికీ సమావేశం ముగిసేలోపు జవాబులు దొరికితే క్లబ్బుకు ఇంకో నెల ఆయువు దొరికినట్టే. దొరక్కపోతే ఆ రోజు నలభైమంది వచ్చినా వచ్చే నెలకు హామీ లేదు.